చిన్న తరగతుల పిల్లలతో స్కూల్ ట్రిప్: మొదటి ఆలోచన నుంచి మర్నాటి క్లాసు దాకా

ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల్ని చదువు కోసం బయటికి తీసుకెళ్ళాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, దేని తర్వాత ఏం చేయాలి అని టీచర్లు అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్ళలో చాలామందికి లోపల ఉన్న టెన్షన్ ఒక్కటే: అంతమంది చిన్నపిల్లలు, తెలియని చోటు, ఏదైనా జరిగితే?

ఆ టెన్షన్ ఉండాల్సిందే. దానికి నాకు తెలిసిన మందు ఒకటే. ఆ రోజు తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ ముందే తీసేసుకోవాలి. బస్సెక్కాక పెద్దవాళ్ళ కళ్ళకు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడం తప్ప వేరే పని ఉండకూడదు. కింద చెప్పేవన్నీ దానికోసమే. కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. రెండు వారాల్లో ముగించాలని చూస్తే ముందుగా ఎగిరిపోయేది రెండో మెట్టే, అంటే మీరు ముందుగా వెళ్ళి చూసి రావడం. అది లేకుండా మాత్రం వెళ్ళకండి.

1. ముందు ప్రశ్న, తర్వాతే చోటు

"ఈసారి ఎక్కడికి వెళ్దాం?" అని మొదలుపెడితే ట్రిప్ విహారయాత్ర అయిపోతుంది. "పిల్లలు ఏ ప్రశ్నకు జవాబు వెతుక్కుని రావాలి?" అని మొదలుపెట్టండి. ఆ ప్రశ్న పాఠంలోంచి రావాలి, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో ఒక్క వాక్యంలో ఉండాలి.

"పోస్టాఫీసు చూడడం" ప్రశ్న కాదు. "డబ్బాలో వేసిన ఉత్తరం మన ఇంటికి ఎలా వస్తుంది?" అనేది ప్రశ్న. "మ్యూజియం సందర్శన" ప్రశ్న కాదు. "పూర్వం మనుషులు నీళ్ళు వేటిలో దాచుకునేవాళ్ళు?" అనేది ప్రశ్న.

ప్రశ్న దొరికిందంటే ఎక్కడికి వెళ్ళాలో, అక్కడ ఏం చూడాలో, ముఖ్యంగా ఏం చూడకుండా వదిలేయాలో తేలిపోతుంది. మ్యూజియంలో ఇరవై గదులుంటే మనకు రెండు గదులు చాలు. ఒకే రోజు మూడు చోట్లు పెట్టుకోవడం నేను చూసినవాటిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. పిల్లలకు బస్సు ఎక్కడం, దిగడం తప్ప ఏమీ గుర్తుండదు. రోజుకు ఒక చోటు చాలు.

దూరం కూడా ఇప్పుడే చూసుకోండి. ఆరేడేళ్ళ పిల్లలకు ఒకవైపు ప్రయాణం గంట దాటకపోతే మంచిది. నడిచి వెళ్ళగలిగే దూరంలోనే మీ ప్రశ్నకు జవాబుంటే ఇంకా మంచిది. దగ్గరగా ఉందని ఆ చోటును చిన్నచూపు చూడకండి.

2. మీరు ఒకసారి వెళ్ళి రండి

ట్రిప్‌కు కనీసం నాలుగు వారాల ముందు, ఇళ్ళకు ఉత్తరం పంపకముందే మీరు ఒకసారి వెళ్ళి చూడాలి. వీలైతే పిల్లలతో వెళ్ళేది సోమవారమైతే సోమవారమే, బయల్దేరబోయే సమయానికే వెళ్ళండి. ఆదివారం ఖాళీగా కనిపించిన రోడ్డు పనిరోజు ఉదయం ఎలా ఉంటుందో ఆ టైములోనే తెలుస్తుంది. వెబ్‌సైటులో ఫొటోలు చూసి సరిపెట్టుకోకండి. గేటుకు తాళం వేసి ఉందని, మరుగుదొడ్లు రెండో అంతస్తులో ఉన్నాయని ఏ ఫొటో చెప్పదు.

పిల్లలు నడిచే దారంతా మీరు నడవండి. ఒక్కో చోట మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. మీకు బాగా కనిపించే వస్తువు ఆరేళ్ళ పిల్ల ఎత్తు నుంచి కనిపించకపోవచ్చు. మీ కంట పడని తీగో, గాజు అంచో, పట్టుకుని ఎక్కాలనిపించే రెయిలింగో ఆ ఎత్తులోనే కనిపిస్తాయి.

చూసి రాసుకోవాల్సినవి:

- బస్సు ఎక్కడ ఆగుతుంది? దిగాక రోడ్డు దాటాలా?
- మరుగుదొడ్లు ఎన్ని, ఎక్కడ, లోపల గడియలు పిల్లలు తీయగలరా?
- తాగేనీళ్ళు ఉన్నాయా, మోసుకెళ్ళాలా?
- భోజనానికి అందరూ కూర్చునే నీడ ఉందా? వాన వస్తే ఎక్కడ?
- బయటికి వెళ్ళే దారులు ఎన్ని? తెరిచి ఉండేవి ఏవి?
- నీళ్ళు, మెట్లు, వాహనాలు, జంతువులు, వేడి వస్తువులు ఎక్కడెక్కడ ఉన్నాయి?
- ఫోన్ సిగ్నల్ లోపల కూడా వస్తుందా?
- దగ్గర్లో ఆసుపత్రి ఏది, ఎన్ని నిమిషాలు?
- ఒక బిడ్డ తప్పిపోతే అందరం కలుసుకునే గుర్తు ఏది?

మరుగుదొడ్ల లెక్క చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. నలభై మంది పిల్లలు, నాలుగు మరుగుదొడ్లు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అనుకున్నా ఇరవై నిమిషాలు. రోజుకు మూడుసార్లంటే గంట. ఆ గంటను టైమ్‌టేబుల్లో పెట్టకపోతే అది చూసే సమయంలోంచి పోతుంది.

అక్కడ పిల్లలతో మాట్లాడబోయే గైడునో, ఉద్యోగినో అప్పుడే కలవండి. పిల్లల వయసు, మీ ప్రశ్న చెప్పండి. ఒకేసారి పది నిమిషాలకు మించి మాట్లాడొద్దనీ, మధ్యలో ఏదైనా చేతికిచ్చి చూపించమనీ మొహమాటం లేకుండా అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. అడగకపోతే పెద్దవాళ్ళకు చెప్పే ప్రసంగమే చెప్తారు.

3. ప్రమాదాల కాగితం

చూసి వచ్చిన రోజే ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: ఏం జరగొచ్చు, ఎవరికి, జరగకుండా ఏం చేస్తాం, ఆ పని ఎవరిది. చివరి గడి ఖాళీగా ఉంటే మిగతా మూడూ వృథా. "చెరువు గట్టున జాగ్రత్తగా ఉండాలి" అని రాస్తే ఎవరూ ఉండరు. "గట్టుకూ పిల్లలకూ మధ్య ఇద్దరు పెద్దవాళ్ళు నిలబడతారు" అని పేర్లతో రాయండి.

ఈ కాగితం హెడ్మాస్టర్‌కు చూపించి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మీ విద్యాశాఖ నియమాలు ఏమున్నాయో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.

4. గుంపులు, పెద్దవాళ్ళు

ఆరేడేళ్ళ పిల్లలైతే ఆరుగురికి ఒక పెద్దమనిషి, తొమ్మిది పదేళ్ళవాళ్ళైతే పదిమందికి ఒకరు. ఈ లెక్కతో మొదలుపెట్టండి. నియమాలు ఇంతకంటే ఎక్కువమందిని అడిగితే వాటినే పాటించాలి. నీళ్ళున్న చోటైనా, రద్దీ రోడ్డైనా లెక్క ఇంకా పెంచాలి.

ట్రిప్ నడిపించే టీచరుకు గుంపు ఇవ్వకండి. ఎక్కడ ఏ తేడా వచ్చినా ఆ మనిషి చేతులు ఖాళీగా ఉండాలి. బిడ్డకు దెబ్బ తగిలితే ఆసుపత్రికి ఒకరు వెళ్ళాలి కదా. అలా వెళ్ళినవాళ్ళ గుంపును ఎవరు చూస్తారో కూడా ముందే రాసి పెట్టుకోండి.

సాయానికి వచ్చే తల్లిదండ్రులతో ముందురోజు ఒక అరగంట కూర్చోండి. గుంపు పేర్ల లిస్టు, టైమ్‌టేబుల్, ఫోన్ నంబర్లు కాగితం మీద ఇవ్వండి. పిల్లల్ని మరుగుదొడ్డికి తీసుకెళ్ళే పద్ధతి, ఫొటోలు ఎవరు తీస్తారు అన్నవి స్పష్టంగా చెప్పండి. ఫొటోలు ఒక్కరే తీయాలి, ఇళ్ళ నుంచి ఒప్పుకోలు వచ్చిన పిల్లలవే తీయాలి, ట్రిప్ జరుగుతుండగా ఎక్కడా పెట్టకూడదు.

అల్లరి చేస్తాడని ఒక పిల్లాణ్ణి వదిలేసి వెళ్ళడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అలాంటి పిల్లాణ్ణి ఓపికున్న పెద్దమనిషి గుంపులో పెట్టి, చేతికో పని ఇవ్వండి. గంటకోసారి సమయం చెప్పడమో, లెన్సుల సంచి మోయడమో. పని ఉన్న పిల్లలు తప్పిపోరు.

5. ఇంటికి ఉత్తరం

నాలుగు వారాల ముందు ఉత్తరం వెళ్ళాలి. తేదీ, బయల్దేరే సమయం, తిరిగొచ్చే సమయం, చోటు, ఎందుకు వెళ్తున్నాం, ఖర్చు, ఏం పంపాలి, ఏం పంపకూడదు అన్నవి ఉంటే చాలు. కింద కత్తిరించి పంపే భాగంలో ఇవి అడగండి:

- అనుమతి సంతకం
- ఆ రోజు తప్పకుండా ఎత్తే రెండు ఫోన్ నంబర్లు
- మందులు, ఎలర్జీలు, ఆస్తమా, మూర్ఛ
- ప్రయాణంలో వాంతులు అవుతాయా?
- అత్యవసరంలో చికిత్స చేయించడానికి ఒప్పుకోలు
- తిరిగొచ్చాక బిడ్డను ఎవరు తీసుకెళ్తారు?

"ఇంకేమైనా మాకు తెలియాలా?" అని ఒక ఖాళీ గీత వదలండి. చీకటంటే భయం, పెద్ద శబ్దమంటే ఏడుస్తుంది, కుక్కను చూస్తే పరుగెత్తుతాడు లాంటివి అక్కడే తెలుస్తాయి.

ఖర్చు భరించలేని ఇళ్ళు ఉంటాయి. ఉత్తరంలోనే "ఇబ్బంది ఉంటే టీచరుతో మాట్లాడండి, బిడ్డ మాత్రం తప్పకుండా వస్తుంది" అని రాయండి. డబ్బు కట్టనివాళ్ళ పేర్లు క్లాసులో చదవడం ఎప్పుడూ చేయకండి. అందరూ రాలేని ఖర్చయితే, ఖర్చు తక్కువయ్యే ఇంకో చోటు చూడండి.

చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డ, సరిగ్గా వినపడని బిడ్డ ఉంటే చోటు ఖరారు చేయకముందే ఇంట్లోవాళ్ళనీ, ఆ బిడ్డనీ అడగండి. అందరూ మెట్లెక్కుతుంటే ఒక్కరు కింద కూర్చోవాల్సి వస్తే ఆ చోటు మనకు పనికిరాదు.

6. బస్సు

సీటుకు ఒక్కరు, సీటు బెల్టులు ఉన్న బస్సు. డ్రైవరుకు దారి, ఆగే చోటు ముందే తెలియాలి, ఆయన నంబరు మీ దగ్గర, మీ నంబరు ఆయన దగ్గర ఉండాలి. వాంతులయ్యే పిల్లలు ముందు సీట్లలో, తల ఎత్తి దూరంగా రోడ్డును చూసేలా కూర్చోవాలి. వాళ్ళకు బస్సులో పుస్తకం, ఫోన్ ఇవ్వొద్దు. సంచులు, తడిగుడ్డలు, ఒక జత బట్టలు ముందు సీటు దగ్గరే ఉంచండి.

7. పిల్లల్ని సిద్ధం చేయడం

కొత్త చోటుకు వెళ్ళిన పిల్లలు మొదట ఆ చోటునే చూస్తారు. పైకప్పు ఎంత ఎత్తు, మరుగుదొడ్డి ఎక్కడ, భోజనం ఎప్పుడు. అవన్నీ తేలాకే మీ ప్రశ్న వైపు చూస్తారు. నిర్ ఓరియన్, అవి హాఫ్‌స్టైన్ అనే పరిశోధకులు 1994లో దీన్ని "కొత్తదనం" అనే మాటతో వివరించారు. విషయం కొత్త, చోటు కొత్త, అక్కడ ఏం జరుగుతుందో తెలియకపోవడం కొత్త. ఈ మూడూ ముందే తగ్గిస్తే పిల్లలు అక్కడ ఎక్కువ నేర్చుకుంటారని చెప్పారు. వాళ్ళు చూసింది హైస్కూల్ పిల్లల్ని. చిన్నపిల్లల విషయంలో ఇది ఇంకా నిజమని నా అనుభవం.

కాబట్టి వారం ముందు నుంచి రోజుకో పది నిమిషాలు కేటాయించండి. మీరు వెళ్ళినప్పుడు తీసిన ఫొటోలు వరసగా చూపించండి: గేటు, మెట్లు, మరుగుదొడ్డి, భోజనం చేసే చోటు. నేల మీద సుద్దతో చోటు పటం గీసి పిల్లల్ని దాని మీద నడిపించండి. అక్కడ వినబోయే నాలుగైదు కొత్త మాటలు ముందే నేర్పండి. టైమ్‌టేబుల్ బొమ్మలతో గోడ మీద పెడితే "భోజనం ఎప్పుడు టీచర్" అనే ప్రశ్న సగం తగ్గుతుంది.

ప్రశ్నలు పిల్లల చేత రాయించండి. వాళ్ళు రాసిన ప్రశ్నల్లోంచే గైడును ఏం అడగాలో ఎంచుకోండి.

తప్పిపోతే ఏం చేయాలో ఆటలా రెండు మూడుసార్లు ఆడించండి. ఉన్నచోటే ఆగాలి, వెతుక్కుంటూ వెళ్ళకూడదు, యూనిఫాం వేసుకుని అక్కడ పనిచేసేవాళ్ళకు మెడలోని కార్డు చూపించాలి. ఆ కార్డు మీద స్కూలు పేరు, టీచరు ఫోన్ నంబరు రాయండి. పిల్లల పేరు పైకి కనిపించేలా రాయకండి. పేరు పెట్టి పిలిచే మనిషిని పిల్లలు తెలిసినవాళ్ళే అనుకుంటారు.

8. చేతిలో కాగితం: తక్కువే మేలు

ఇరవై ఖాళీలున్న వర్క్‌షీట్ ఇస్తే పిల్లలు బోర్డుల మీద అక్షరాలు ఎత్తి రాసుకుంటారు, వస్తువును చూడరు. మూడు పనులు చాలు. ఒకటి వెతికేది, ఒకటి బొమ్మ గీసేది, ఒకటి ఊహించేది. "నీకు నచ్చిన ఒక్క కుండ ముందు కూర్చో. నిమిషం సేపు మాట్లాడకుండా చూడు. గీయి. దీన్ని చేసినవాళ్ళ గురించి నీకేం తెలిసింది?"

ఇలాంటి కాగితమే ఇచ్చిన రోజు రెండో తరగతి పాప ఒకతె అద్దాల పెట్టె ముందు నేల మీద బోర్లా పడుకుంది. లేవమని చెప్పబోయి ఆగాను. కుండ అడుగు అంచున మట్టిలో నొక్కుకుపోయిన చిన్న గుంట చూపించి "ఇది వేలు" అంది. తన బొటనవేలు అద్దానికి ఆనించి కొలుచుకుంది. ఆ పాప కాగితం మీద కుండ లేదు, ఒక వేలిముద్ర ఉంది. మిగతా పిల్లలందరూ వరసగా వచ్చి బోర్లా పడుకున్నారు. ఆ పది నిమిషాల కోసం నేను ఒక గది చూడడం మానేశాను, మానేసినందుకు ఇప్పటికీ సంతోషమే.

గట్టి అట్ట, దానికి దారంతో కట్టిన పెన్సిలు ఇవ్వండి. పెన్నులు వద్దు.

9. ఆ రోజు

సంచిలో ఉండాల్సినవి:

- పేర్ల లిస్టు మూడు కాపీలు (ఒకటి స్కూల్లో)
- ఇళ్ళ నంబర్లు, ఆరోగ్య వివరాలు
- ఫస్ట్ ఎయిడ్ బాక్సు
- పేరు రాసిన మందులు
- నీళ్ళు, తడిగుడ్డలు, సంచులు, అదనపు బట్టలు
- ఫుల్ ఛార్జింగ్‌తో రెండు ఫోన్లు

ఆస్తమా ఇన్‌హేలర్, ఎలర్జీకి డాక్టరు రాసిన అడ్రినలిన్ ఇంజెక్షన్ ఈ సంచిలో పెట్టకండి. ఆ బిడ్డ గుంపును చూసే మనిషి దగ్గరే ఉండాలి, ఎప్పుడు ఎలా వాడాలో ఆ మనిషికి తెలిసి ఉండాలి. బస్సులో ఉండిపోయిన ఇన్‌హేలర్ లేనట్టే లెక్క.

ఇక లెక్కపెట్టడం. బస్సెక్కాక, దిగాక, లోపలికి వెళ్ళాక, ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళేటప్పుడు, మరుగుదొడ్ల తర్వాత, భోజనం తర్వాత, బయటికి వచ్చాక, మళ్ళీ బస్సెక్కాక. ఎవరి గుంపును వాళ్ళు లెక్కపెట్టాలి. బస్సు కదిలే ముందు మాత్రం ఇద్దరు విడివిడిగా మొత్తం లెక్కపెట్టి, పేర్లు కూడా పిలవాలి.

ఎందుకంటే ఒకసారి తిరుగు ప్రయాణంలో నా లెక్క 38 వచ్చింది, తోటి టీచరు లెక్క 39. ఉండాల్సింది 39. ఆలస్యమైపోయింది, ఆవిడ లెక్క సరిపోయింది కాబట్టి బయల్దేరదామనే అనిపించింది. పేర్లు పిలిచాం. ఒక పేరుకు జవాబు లేదు. కిటికీలోంచి చూస్తే పిల్లాడు కుళాయి దగ్గర, మాకు వీపు చేసి, మూత పళ్ళతో పట్టుకుని బాటిల్ నింపుకుంటున్నాడు. సీటు మారిన ఇంకో పిల్లాణ్ణి ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది. అప్పటి నుంచి రెండు లెక్కలూ, పేర్లూ కలిసేదాకా నా బస్సు కదలదు.

చేరాక మొదటి పావుగంట పిల్లల్ని చుట్టూ చూడనివ్వండి, మరుగుదొడ్లు అయిపోనివ్వండి. ముఖ్యమైన పని ఆ తర్వాత వెంటనే, భోజనానికి ముందే పెట్టండి. భోజనం తర్వాత చిన్నపిల్లలు కొత్త విషయం వినరు. అప్పుడు బొమ్మ గీయడం, ఆట, తిరుగు ప్రయాణం.

10. తేడా వస్తే

*బిడ్డ కనిపించకపోతే:* ఉన్న పిల్లలందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి లెక్కపెట్టండి. ఒకరు చివరిసారి కనిపించిన చోటుకు, ఒకరు గేటు దగ్గరికి, ఒకరు అక్కడి సిబ్బంది దగ్గరికి. పనులు ముందే పంచుకుని ఉండాలి. ఎన్ని నిమిషాలకు పోలీసులకు, ఇంటికి ఫోన్ చేస్తారో కూడా ముందే రాసుకోండి. "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అనే మాట అప్పుడు రాకూడదు.

*ముక్కులోంచి రక్తం:* తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు గట్టిగా పట్టుకోవాలి. తల వెనక్కి వంచితే రక్తం గొంతులోకి పోతుంది.

*తేనెటీగ కుట్టితే:* ముల్లు ఆలస్యం చేయకుండా తీసేసి, చల్లటి గుడ్డ పెట్టండి. పెదాలు, మొహం వాచినా, ఊపిరి ఇబ్బందైనా ఎలర్జీ ఇంజెక్షన్ ఉన్న బిడ్డకు అది వెంటనే ఇచ్చి, ఎవరికైనా సరే అంబులెన్సు పిలవాలి.

*వాన, బస్సు ఆలస్యం:* కప్పు కింద చేయించగలిగే రెండు పనులు సిద్ధంగా ఉంచుకోండి. స్కూల్లో ఒకరు ఫోన్ దగ్గర ఉండి ఇళ్ళకు కబురు చెప్పాలి. మీరు బస్సులోంచి నలభై ఫోన్లు చేయకూడదు.

చిన్నదైనా పెద్దదైనా జరిగింది ఆ రోజే రాసి పెట్టండి. బిడ్డను తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకు మీరే చెప్పండి. ఇంటికెళ్ళాక బిడ్డ నోట వింటే తల్లిదండ్రుల నమ్మకం పోతుంది.

11. మర్నాడు

ట్రిప్ అయ్యాక సెలవో, పరీక్షో పెట్టుకోకండి. మర్నాడు మొదటి పీరియడ్ దీనికే. "బాగుందా?" అని అడగకండి. మొదటి రోజు రాసుకున్న ప్రశ్న బోర్డు మీద మళ్ళీ రాసి, జవాబు వాళ్ళ చేతే చెప్పించండి. "నా ట్రిప్" అని పది వాక్యాల వ్యాసం రాయిస్తే అందరూ ఒకే వ్యాసం రాస్తారు. దానికి బదులు ఒక్కొక్కరు ఒక్క వస్తువు గురించి, ట్రిప్‌కు రాని మనిషికి చెప్పినట్టు చెప్పాలి. అక్కడ సాయం చేసినవాళ్ళకు పిల్లలు గీసిన బొమ్మలు పంపండి.

పెద్దవాళ్ళంతా కూర్చుని పదిహేను నిమిషాలు మాట్లాడుకోవాలి. ఎక్కడ సమయం చాల్లేదు, ఎక్కడ భయమేసింది, వచ్చేసారి ఏం మార్చాలి. మీ ప్రమాదాల కాగితం మీదే రాసి ఫైల్లో పెట్టండి. వచ్చే ఏడు ఇంకో టీచరు వెళ్ళినా ఉపయోగపడుతుంది.

పోస్టాఫీసుకు వెళ్ళేట్టయితే, ఒక్కో బిడ్డ చేత తన ఇంటి చిరునామాకే ఉత్తరం రాయించి తీసుకెళ్ళండి. అక్కడి డబ్బాలో వాళ్ళ చేతులతోనే వేయించండి. ఉత్తరం అందిన రోజు కవరు స్కూలుకు తీసుకురావాలి. ఎవరిది ఏ రోజు వచ్చిందో పక్కన రాసి, కవర్లన్నీ గోడ మీద వరసగా అంటించండి. అన్నీ ఒకే రోజు వేశాం కదా, కొన్ని ముందు, కొన్ని వెనక ఎందుకు వచ్చాయి? జవాబు మీరు చెప్పకండి. కవర్ల మీది ముద్రలు చదువుతూ వాళ్ళే వాదించుకుంటారు.